డక్టులో తోకనల్లంచి

నూనె కాగింది. ఆవాలు ఇంకా చిట్లలేదు.

ఆ రెండింటికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. చాలా చిన్నది. పోపు వేసే చేతికే తెలిసేంత చిన్నది.

ఆ ఖాళీలోకి పాట వచ్చింది.

కింద నుంచి. డక్టులోంచి. నాలుగంతస్తుల వంటిళ్ళు తమ పొగలూ, తమ ఘాటూ, తమ విసుగులూ వదిలేసే ఆ ఇరుకు గొయ్యిలోంచి... నీళ్ళ పైపుల్ని పట్టుకుని పైకి పాకినట్టు... ఒక పాట.

ముందు ఒక ఈల. రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగి చూసినట్టు ఇంకో ఈల. తర్వాత ఎవరో ఎత్తు నుంచి సన్నగా నీళ్ళు ఒంపుతున్నట్టు — ఒంపుతూ, ఒంపుతూ — చెంబు ఎప్పటికీ ఖాళీ కానట్టు.

ఆవాలు మాడిపోయాయి.

మైథిలి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

ఈ పాట ఆమెకి తెలుసు. ఈ పాట ఇక్కడ ఉండకూడదనీ తెలుసు.

ఫరీదాబాద్‌లో పావురాలుంటాయి. పావురాల తర్వాత మళ్ళీ పావురాలుంటాయి. చిలకలు, గోరింకలు, ఓపిక ఉన్న కాకులు. తోకనల్లంచి ఉండదు. దానికి వెదురు కావాలి. వాగు కావాలి. మధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉండే నీడ కావాలి. ఈ సెక్టారులో నీడ లేదని కాదు — ఉంది. అది ఫ్లైఓవరుది.

"ఎవరిదో రింగ్‌టోన్," అన్నాడు కిరీటి, మెడలో ఆఫీసు కార్డు వేసుకుంటూ.

ఆమె భర్త. గురుగ్రామ్‌లో ఉద్యోగం. ప్రపంచంలో అర్థం కాని ప్రతి శబ్దమూ ఎవరో ఒకరి ఫోనే ఆయనకి.

రింగ్‌టోన్ కాదు.

మైథిలి విశాఖపట్నంలో జువాలజీ ఎమ్మెస్సీ చేసింది. ఒక వేసవంతా మారేడుమిల్లి అడవిలో, భుజాన టేప్ రికార్డరు, కాళ్ళకి జలగలు — తోకనల్లంచి పాట మీద ప్రాజెక్టు. ఆ చదువు ఇప్పుడు ఎందుకు పనికొస్తోందంటే, బొద్దింకని చూసి కిరీటి కుర్చీ ఎక్కినప్పుడు అది ఆడదో మగదో చెప్పడానికి.

ఏ చదువూ వృథా పోదు.

*

శాస్త్రం పెట్టే పేర్లలో పిట్టలకి కూడా ఇంటిపేరే ముందు. తెలుగువాళ్ళకి లాగే. వైవాలో ఈ మాట అని మైథిలి రెండు మార్కులు పోగొట్టుకుంది.

కాప్సికస్ — అది ఇంటిపేరు.

ఆ ఇంట్లో చాలామంది. పెద్దనల్లంచి ఒకడు — నలుపూ తెలుపూ, ఊళ్ళోనే కాపురం. పిట్టగోడ, డిష్ యాంటెనా, కరెంటు తీగ, దేనికైనా సర్దుకుంటాడు. ఎక్కడికి బదిలీ చేసినా బతికే రకం. అండమాన్‌లో ఒకడు. మడగాస్కర్‌లో ఒకడు. సీషెల్స్‌లో ఒకడు — ఒకప్పుడు ఆ వంశమంతా ఒక్క దీవిలో గుప్పెడు మిగిలింది. ఫిలిప్పీన్స్‌లో ఒకడు, ఒళ్ళంతా నలుపు — అడవి తరిగినకొద్దీ వాడూ తరిగిపోతున్నాడు.

ఇక తోకనల్లంచి. హిందీలో శామా. నీడ దాటి బయటికి రాడు. మనిషి అలికిడికి మాయమవుతాడు. అందరికంటే బాగా పాడేవాళ్ళలో వాడొకడు.

అందుకే పంజరం కూడా వాడికే.

వాడికి ఒకప్పుడు వేరే ఇంటిపేరు ఉండేది. తర్వాత శాస్త్రజ్ఞులు మార్చేశారు. మైథిలికి కూడా మార్చారు, శుభలేఖలు వేసి మరీ.

పిట్టని ఎవరూ అడగలేదు.

*

కింది అంతస్తులో రెబ్కా. నర్సు. వాళ్ళది గోకవరం. తల్లి కాంతమ్మతో ఉంటుంది. కాంతమ్మకి నీటికాసులు — రెండు కళ్ళూ పోయి చాలా కాలమైంది.

మైథిలి లోపలికి అడుగు పెట్టగానే, మంచం మీంచి —

"ఎవరమ్మా? పైన ఆవాలు మాడ్చింది నువ్వేనా?"

"నేనే ఆంటీ."

"పాస్టరు గారి మూలానేగా! నిన్న మా రెబ్కా పాలు పొంగబెట్టింది."

"పాస్టరు గారా?"

"మరి? ఇంకా తెల్లారకుండానే ఎత్తుకుంటారు. ఒక పట్టాన ముగించరు. నల్లకోటు కూడా ఉందంటగా!"

పాస్టరు గారు కిటికీ పక్కన ఉన్నారు. సగం గుడ్డ కప్పిన పంజరంలో.

నల్లకోటు నిజమే. నీలం మెరుపు ఉన్న నలుపు. పొట్ట కాగిన బెల్లప్పాకం రంగు. నడుము దగ్గర తెల్లటి మచ్చ. ఒంటికంటే పొడవైన తోక... తిరగడానికి చోటు లేక, చువ్వలకి తగిలి, కొనలు అరిగిన తోక.

మైథిలి మొదటిసారి ఒక తోకనల్లంచిని ఇంత దగ్గరగా చూసింది. అడవిలో వాడు ఎప్పుడూ ఒక కదలిక మాత్రమే. ఒక తెలుపు. ఒక లేకపోవడం.

ఇక్కడ ఉన్నాడు. మొత్తంగా ఉన్నాడు. అదే బాలేదు.

డిశ్చార్జి అయ్యేటప్పుడు పేషెంట్ల వాళ్ళు మిఠాయి ఇస్తారు. క్యాలెండర్లిస్తారు. ఒకాయన పంజరం ఇచ్చాడు. పాత ఢిల్లీలో పిట్టలమ్మే మనిషి. సెలైన్ మార్చేటప్పుడు ఎప్పుడో రెబ్కా తల్లి గురించి చెప్పింది. ఆయన మర్చిపోలేదు. "సిస్టర్, ఆప్‌కీ అమ్మీ కే లియే," మీ అమ్మకని చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకున్నాడట.

మంచితనమే. ఎటు చూసినా మంచితనమే. ఒక్క చెడ్డవాడు దొరికినా మైథిలికి పని తేలికయ్యేది.

"రెబ్కా, ఇది అడవి పిట్ట. ఇంట్లో పెంచకూడదు. చట్టం ఒప్పుకోదు."

"అయ్యో, నాకేం తెలుసక్కా! గుడ్డు ఉడకబెట్టి పెడుతున్నా, సెనగల సత్తుపిండి కలిపి పెడుతున్నా... ఇప్పుడు ఎక్కడ వదలను? పార్కులోనా?"

పార్కులో పెద్దనల్లంచి ఉన్నాడు. దీపస్తంభం మీద కాపలా. ఒకే ఇంటిపేరు — అయినా గుమ్మం తొక్కనివ్వడు. దాయాదులు ఎక్కడైనా దాయాదులే.

జంతువుల్ని కాపాడేవాళ్ళ నంబరు ఒకటి వెతికి, మైథిలి ఫోనులో దాచుకుంది.

నొక్కలేదు.

ఎందుకంటే మర్నాడు ఉదయం ఆమె వినకూడనిది విన్నది.

*

కాంతమ్మకి చీకటి ఎప్పుడూ ఒకటే. దాన్లో పొద్దు ఎక్కడుందో పాస్టరు గారే చూపిస్తారు.

ఆయన పాడతారు. పాడి, పాడి, చివర రెండు చిన్న స్వరాలు — ఒకటి పైన, ఒకటి కింద — తలుపు మెల్లిగా చేరవేసినట్టు.

అప్పుడు కాంతమ్మ అంటుంది: "ఆమెన్."

అని తన పాట మొదలుపెడుతుంది. ప్రార్థన పాట. ఎవరూ రాసింది కాదు, ఏ పుస్తకంలోనూ లేదు, రోజుకో మాట మారుతుంది. చిట్లిన గొంతు. ఊపిరి చాలదు. రెబ్కా డ్యూటీ బాగుండాలని, పాలవాడి మోకాలు తగ్గాలని, పైన మైథిలమ్మ ఆవాలు మాడకూడదని కూడా.

డక్టు మొత్తం వింటుంది. అడుగు అంతస్తు పంజాబీ ఆంటీ మిక్సీ ఆపుతుంది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆపుతుంది.

అంతకుముందు నెలల తరబడి అమ్మ పొద్దున్నే మంచం దిగేది కాదని రెబ్కా చెప్పింది. లేచి ఏం చేయాలి, అనేదట. ఏ వేళో తెలియదు, ఎవరూ పిలవరు.

ఇప్పుడు పిలిచేవాడున్నాడు.

ఆ పిలుపుని ఫోను చేసి పట్టించడం... మైథిలి వేలు అక్కడే ఆగిపోయింది.

చట్టం ఒకవైపు. ఆమెన్ ఒకవైపు. మధ్యలో తోక అరిగిపోతున్న ఒక పిట్ట.

ఏదీ చేయలేనప్పుడు మనిషి ఏదో ఒకటి చేస్తుంది. మంచిదనుకుని చేస్తుంది.

*

పెట్టెలో అడుగున మారేడుమిల్లి క్యాసెట్ ఉంది.

కరోల్ బాగ్‌లో పాత క్యాసెట్లని ఫోనులోకి ఎక్కించే కొట్టు ఉంది. పెళ్ళి వీడియోల మధ్య కూచున్న కుర్రాయన హెడ్‌ఫోన్స్ తీసి, జాలిగా చూశాడు.

"దీదీ, ఇస్‌మే గానా నహీ హై. చిడియా హై."

"అచ్ఛా," అంది మైథిలి. "వహీ చాహియే." ఆ పిట్టే కావాలి ఆమెకి.

మెట్రోలో వస్తూ చెవిలో పెట్టుకుంది.

వాగు. వెదుళ్ళు ఒకదాన్నొకటి రాసుకునే కిర్రు. ఆ తర్వాత వాడు. ఇరవై రెండేళ్ళ మైథిలి ఊపిరి బిగబట్టి విన్నవాడు. పాట ఎక్కుతూ, ఎక్కుతూ, ఒక కొమ్మ అంచుకి వచ్చి —

టక్.

అంతే.

అక్కడ జలగ కరిచింది. మోకాలి వెనక. చేయి బటన్ మీద పడింది. చిన్న విషయం. రేపు మళ్ళీ రికార్డు చేద్దాంలే అనుకుంది.

రేపు వాన. ఎల్లుండి వాన. ఆ తర్వాత ఇంటినుంచి కబురు, ఆ తర్వాత రైలు, ఆ తర్వాత ఢిల్లీ, ఆ తర్వాత పాప, ఆ తర్వాత పాప స్కూలు బస్సు... జీవితంలో జలగలకి లోటు లేదు. అడవికే దారి పోయింది.

మెట్రోలో ఎదుటి సీట్లో ఎవరో "ఒరే, ఫోను సరిగ్గా పట్టుకోరా" అన్నారు.

మైథిలి తల తిప్పింది. ఎవరైనా తిప్పుతారు. ఇన్ని లక్షల హిందీ మాటల మధ్య ఒక్క "ఒరే" వినబడితే చాలు, లోపల ఏదో లేచి నిలబడుతుంది. మీదే ఊరండీ, అంటాం. రాజమండ్రా, అయ్యో మా పిన్నివాళ్ళు అక్కడే, అంటాం. దిగాల్సిన స్టేషను దాటిపోతుంది.

అక్కడే ఆలోచన వచ్చింది.

వాడికీ వినిపిద్దాం. వాడి భాష. పాపం, ఎన్నాళ్ళయిందో.

*

మైథిలి ప్రవల్లిక దగ్గర స్పీకరు అడిగి తీసుకుంది. "మమ్మా, పార్టీ హై క్యా?" అంది కూతురు. "అవును," అంది మైథిలి. "పిలుపు ఒక్కడికే."

వంటింటి కిటికీలో, డక్టు వైపు పెట్టింది. తెల్లవారుతోంది. కింద పాస్టరు గారు అప్పుడే మొదలుపెట్టారు.

నొక్కింది.

మారేడుమిల్లి ఫరీదాబాద్‌లోకి జారింది. వాగు పైపుల వెంట దిగింది. వెదుళ్ళు కిర్రుమన్నాయి. వాడు పాడాడు.

కింద... నిశ్శబ్దం.

వింటున్నాడు. మైథిలికి కళ్ళు చెమర్చాయి. పాతికేళ్ళ తర్వాత తన పని ఎవరో విన్నారు. అసలు వినాల్సినవాడే విన్నాడు.

టక్ అని ఆగిపోగానే, కింద నుంచి పాట విరుచుకుపడింది. ఎప్పుడూ లేనంత గట్టిగా, ఎప్పుడూ లేనంత పొడవుగా. కొత్త మలుపులు. ఊపిరి తీసుకోకుండా.

"ఓరి నాయనో, పాస్టరు గారికి ఇవాళ ఏమొచ్చింది!" — కాంతమ్మ సంబరం డక్టు ఎక్కి వచ్చింది.

మర్నాడు మళ్ళీ పెట్టింది.

ఆ మర్నాడు రెండుసార్లు.

నాలుగోరోజు కింద రెక్కల చప్పుడు. ఆనందం అనుకుంది. తీగల మీద టపటపా. గంతులు అనుకుంది. చదువుకున్నవాళ్ళకి ఒక సుఖం ఉంది — ఏమనుకోవాలో ముందే అనుకుని పెట్టుకుంటారు.

ఆ తర్వాతి ఉదయం నూనె కాగింది. ఆవాలు చిట్లాయి.

మధ్యలో ఏమీ రాలేదు.

*

"అక్కా, ఒకసారి రా."

పంజరం అడుగున కూచున్నాడు. కొమ్మ మీద కాదు — అడుగున. ముక్కు మొదట్లో రక్తం ఎండింది. తోక ఈకలు రెండు విరిగి, సత్తు పిండిలో పడి ఉన్నాయి.

మైథిలికి అప్పుడు గుర్తొచ్చింది.

చదివినది. చదవడమే కాదు — తన చేత్తో రాసినది. అట్ట వేసి, బంగారు అక్షరాలతో పేరు అచ్చువేసి, డిపార్టుమెంటుకి ఇచ్చినది. అందులో మొదటి వాక్యమే అది.

పాట కంచె.

ఇది నా చోటు. అడుగు పెట్టకు. పెడితే నేనున్నాను.

అంతే దాని అర్థం. వాగు ఒడ్డున వింటే సంగీతం. వాడి భాషలో సరిహద్దు తగాదా.

పాట విని వాడు మీదే ఊరండీ అనలేదు. నా ఇంట్లోకి ఎవడో వచ్చాడు అన్నాడు. వెతికాడు. కనబడలేదు. తరుముదామంటే చువ్వలు. పారిపోదామన్నా చువ్వలు. ఆ వచ్చినవాడు అలిసిపోడు. భయపడడు. ఎంత పాడినా ఓడిపోడు. రోజూ అదే చోట ఆపేసి, మర్నాడు మళ్ళీ మొదటినుంచి వస్తాడు.

క్యాసెట్‌తో ఎవరు గెలుస్తారు?

వాడు ఓడిపోయాడు. ఓడినవాడు పాడకూడదు. అదీ ఆమె రాసిందే. మూడో అధ్యాయం.

రెబ్కా దూదితో ముక్కు తుడిచింది. ఆసుపత్రి చేతులు. వాడు కదల్లేదు.

పక్క గదిలో కాంతమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. పొద్దెక్కింది. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

*

వేసవి ముదిరింది. బూరుగు పూలు రాలి, కాయలు పగిలి, దూది ఎగిరి, అదీ అయిపోయింది. లూ వడగాలి తలుపులు కొట్టింది.

వాడు కొమ్మ ఎక్కాడు. తిన్నాడు. పాడలేదు.

కాంతమ్మ కూచుంది. తిన్నది. పాడలేదు.

"తెల్లారిందమ్మా," అని రెబ్కా చెబుతుంది. "సరేలే," అంటుంది ఆమె.

పార్కులో పెద్దనల్లంచి మాత్రం దీపస్తంభం మీంచి తెగ పాడుతున్నాడు. వాడికి మొత్తం సెక్టారు ఉంది. మైథిలి వాడి కింద నుంచి తలవంచుకుని కూరగాయలకి వెళ్తుంది.

స్పీకరు కూతురికి తిరిగి ఇచ్చేసింది. నంబరు ఇంకా ఫోనులో ఉంది. ఇప్పుడైనా నొక్కవచ్చు. కానీ విరిగిన తోకతో, నోరు పోయినవాడిని అప్పగించి — ఇదిగోండి, జాగ్రత్తగా చూసుకున్నాం — అని ఎలా అనడం?

ఒక మధ్యాహ్నం దిగి వెళ్ళి, మంచం పక్కన కూచుని, చెప్పేసింది.

"ఆంటీ, పాస్టరు గారి నోరు మూయించింది నేనే."

క్యాసెట్ సంగతి చెప్పింది. స్పీకరు సంగతి చెప్పింది. కంచె సంగతి చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే కాంతమ్మే ఓదార్చాల్సి వస్తుంది. అది మరీ అన్యాయం.

కాంతమ్మ చాలాసేపు దుప్పటి అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"పైన ఇంకొకాయన ఉన్నాడని నాకు మొదటిరోజే తెలుసమ్మా."

"తెలుసా?"

"కళ్ళు పోయినై గానీ చెవులు పోలేదుగా. పాస్టర్లిద్దరూ పోటీ పడుతున్నారని సరదా పడ్డాను. పైన ఆయన ఆపితే, మళ్ళీ ఎప్పుడు ఎత్తుకుంటాడా అని చూశాను." చేయి తడిమి మైథిలి మోచేతిని పట్టుకుంది. "నువ్వొక్కదానివే ఎందుకు మోస్తావ్? నాకూ ఇయ్యి కాస్త."

ఆ తర్వాత, చిన్నపిల్లలా —

"ఏదీ, ఆయన్ని ఒకసారి వినిపించు. పాస్టరు గారికి వినబడకుండా."

మైథిలి ఇయర్‌ఫోన్స్ ఆమె చెవుల్లో పెట్టింది. తెల్లటి వెంట్రుకలు పక్కకి తీసి, మెల్లిగా. నొక్కింది.

కాంతమ్మ ముఖం మీద వాగు పారింది. వెదుళ్ళు ఊగాయి. పెదాలు కొంచెం తెరుచుకున్నాయి... పాట ఎక్కడికి ఎక్కుతోందో ఆ గడ్డం కూడా అటే లేచింది.

ఆగింది.

ఆమె ఇంకా అలాగే ఉంది. గడ్డం ఎత్తి.

"ఆపేశావేం?"

"అంతే ఉంది ఆంటీ."

"ఆమెన్ రాలేదుగా?"

"జలగ కరిచింది."

కాంతమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత, దగ్గు వచ్చేదాకా. పంజరంలో వాడు తల ఒక పక్కకి వంచి ఇద్దర్నీ చూశాడు.

"మళ్ళీ వెళ్ళి మిగతాది తెచ్చుకోవాల్సిందమ్మా," అంది నవ్వు ఆపుకుంటూ. "సగం పాట ఇంట్లో పెట్టుకుని ఎట్లా ఉన్నావ్ ఇన్నేళ్ళూ?"

మైథిలి దగ్గర సమాధానం ఉంది. పొడవైనది. దాన్లో రైళ్ళున్నాయి, టిఫిన్ డబ్బాలున్నాయి, పరీక్షలున్నాయి — తనవి కావు.

"కుదరలేదు ఆంటీ," అంది.

*

ఇవాళ.

ఇంకా ఎండ రాలేదు. కిరీటి స్నానంలో ఉన్నాడు. మూకుడు పొయ్యి మీద పెట్టింది. నూనె వేసింది. ఆవాలు గుప్పిట్లోకి తీసుకుంది.

డక్టులో ఏదో కదిలింది.

ఈల. ఒక్కటే. ఎవరికీ తగలకుండా నడిచినట్టు.

ఇంకో ఈల.

మైథిలి కిటికీ పట్టుకుంది.

పాడుతున్నాడు. మెల్లిగా, గొంతు లోపలే — అద్దె ఇంట్లో పాడుకున్నట్టు. పాడుతున్నాడు!

కానీ అది పాస్టరు గారి పాట కాదు.

ఆ మలుపు ఆమెకి తెలుసు. ఆ మెట్లు తెలుసు. వెనక వెదుళ్ళ కిర్రు — అది కూడా గొంతుతోనే చేస్తున్నాడు. వాగు గలగలా — అదీ. ఇరవై రెండేళ్ళ మైథిలి ఊపిరి బిగబట్టి విన్న పాట. ఓడించినవాడి పాట. తనది మర్చిపోయి, దాన్నే నేర్చుకున్నాడు.

అడుగున మిక్సీ ఆగింది.

కింద మంచం కిర్రుమంది. కాంతమ్మ లేచి కూచుంటోంది. రెబ్కా, రెబ్కా, అని గుసగుస.

పాట ఎక్కింది. ఇంకా ఎక్కింది. కొమ్మ అంచుకి వచ్చింది —

టక్.

ఆ చప్పుడు కూడా చేశాడు. బటన్ చప్పుడు.

ఆగిపోయాడు.

డక్టు మొత్తం ఆగిపోయింది. పైపులు. కిటికీలు. కింద ఒక ముసలి ఊపిరి, "ఆ—" దాకా వచ్చి, ఎక్కడ దించాలో తెలియక, పట్టుకుని నిలబడిన ఊపిరి.

"మైథిలమ్మా..." మెల్లిగా, పైకి. "తర్వాత?"

మైథిలి నోరు తెరిచింది.

తర్వాత ఏముందో ఆమె వినలేదు. ఆ రోజు వాడు పాడుతూనే ఉండి ఉంటాడు — ఆమె వంగి జలగని పీకుతున్నంతసేపూ. పైన ఒకటి, కింద ఒకటి, తలుపు చేరవేసే ఆ రెండు స్వరాలూ పాడే ఉంటాడు. వెదుళ్ళు విన్నాయి.

కింద ఎదురు చూస్తున్నారు. పంజరంలో వాడు కూడా — ఏమో — ఎదురు చూస్తున్నాడు.

నూనె కాగింది. పొగ లేస్తోంది.

ఆవాలు ఇంకా గుప్పిట్లోనే ఉన్నాయి.